గుమ్మం దాటే ముందు మాట

"వానకి రోడ్డు తడిసి ఉందే సింధూ. ఈ బెంగుళూరు లారీలు బ్రేకు వేసినా ఆగవు. సైకిలొద్దు, బస్సెక్కు. బస్సులో కూడా ముందు సీట్లో కూర్చోకు, రాత్రంతా నడిపిన డ్రైవరైతే కునుకు పట్టొచ్చు. వెనక సీటూ వద్దు, వెనకనించి ఎవడైనా గుద్దితే..."

మధ్య సీటు సంగతి చెప్పేలోపే సింధూర బూట్ల తాళ్ళు బిగించి లేచింది. గోడకి ఆనించిన కర్రల సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను చెవులు రిక్కించాను.

ఏమీ అనలేదు. గడప దాటి, మెట్టు దిగి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

"వెళ్ళొస్తా" అన్న ఒక్క మాట. మా గోదావరి వైపు పసిపిల్లాడు కూడా ఆ మాట అనకుండా బడికి వెళ్ళడు. పొరపాటున "వెళ్తున్నా" అంటే వెనక్కి పిలిచి దిద్దుతాం. ఇంట్లో ఉన్నవాళ్ళు "వెళ్ళి రా" అంటారు. ఆ రెండు మాటలు అయ్యాకే మనిషి వీధిలోకి నడుస్తాడు. మా అమ్మాయి ఆ మాట మానేసి చాలా రోజులయింది.

ఈ కథ మధ్యలో అందుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మేం ఉండేది శంషాబాదులో. మా ఆయన వరప్రసాద్ గారు పాల్మాకుల దాటాక ఉన్న గోల్ఫు క్లబ్బులో ఆఫీసు పని చూసేవారు. ఆయన వెంట తిరుగుతూ, పారేసిన కర్రకి గుడ్డ చుట్టి పట్టుకుని ఆట నేర్చుకున్న సింధూర పెరిగే కొద్దీ పెద్దవాళ్ళనే ఓడించడం మొదలుపెట్టింది. రెండేళ్ళ కిందట ఆయన క్లబ్బు పని మీద స్కూటరేసుకుని కొత్తూరు బయల్దేరి, హైవే మీదే పోయారు. ఆ పొద్దున నేను వీధి చివర నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో వరసలో ఉన్నాను. సింధూర ఇంట్లో పరీక్షకి చదువుకుంటోంది. నేను నీళ్ళు మోసుకుని ఇల్లు చేరేసరికి స్కూటరు లేదు. సింధూర పుస్తకంలోంచి తల ఎత్తలేదు. చెప్పకుండా వెళ్ళారు. పదకొండో రోజున వచ్చిన చుట్టాలందరికీ అదే చెప్పాను. ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెబుతున్నాను. ఎప్పుడూ చెప్పకుండా వెళ్ళని మనిషి ఆ ఒక్కరోజు చెప్పకుండా వెళ్ళారు.

తర్వాత క్లబ్బువాళ్ళు సింధూరని ఆడుకోనిచ్చారు, నాకు జెండాలూ తువాళ్ళూ కుట్టే పని ఇచ్చారు. పోయిన చలికాలం సికిందరాబాదులో జూనియర్ల రాష్ట్ర జట్టుకి ఎంపిక జరిగింది. మొదటినించీ ముందున్న మా పిల్ల ఆఖరి గుంట దగ్గర, చిన్నపిల్లలు గోలీ వేసేంత దగ్గరనించి, బంతిని గుంటలో వేయలేకపోయింది. చెయ్యి వణికిందట. అప్పటినించీ అదే వరస. దూరం దెబ్బలు గీత గీసినట్టు పోతాయి. దగ్గరి దెబ్బ వచ్చేసరికి చెయ్యి తనది కాకుండా పోతుంది. ఈ ఆదివారం మా క్లబ్బులోనే మళ్ళీ ఎంపిక. ఈసారి తప్పితే జూనియర్ల వయసు దాటిపోతుంది, మళ్ళీ అవకాశం లేదు. అందుకని క్లబ్బు సెక్రటరీ గారు పూర్ణిమ అనే అమ్మాయిని పెట్టారు. పాల్మాకుల పిల్లే. యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రం చదువుకుని, ఆటగాళ్ళ మనసుకి తాలీము ఇస్తుందట. చేతికి తాలీము విన్నాను గానీ మనసుకి తాలీము ఏమిటో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే: ఆ అమ్మాయి వచ్చాక మా ఇంట్లో మాట ఆగిపోయింది. మొన్న తెల్లవారుజామున సింధూర గోడకి ఎదురుగా నిలబడి, కళ్ళు మూసుకుని, లేని కర్రని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపుతుంటే నేను కెవ్వుమన్నది అందుకే.

అది కళ్ళు తెరిచి నన్ను చూసింది గానీ, ఎందుకరిచావనైనా అడగలేదు.

సింధూర వెళ్ళాక ఇల్లు ఎలా ఉంటుందో చెప్పినా ఎవరికీ అర్థం కాదు. రేడియో పెడతాను, ఎవరో మాట్లాడుతున్నట్టుంటుందని. కాసేపటికి ఆ గొంతు నన్ను ఏమీ అడగట్లేదని గుర్తొచ్చి కట్టేస్తాను. కుక్కరు కూత వేస్తే "ఆఁ, వస్తున్నా" అంటాను. ఆ రోజు మిషను ముందు కూర్చుని ఆదివారం ఎంపికకి ఎర్రజెండాలు కుడుతున్నాను. ఒక్కో గుంట దగ్గర ఒక్కో జెండా పాతుతారు, దూరంనించి గుంట ఎక్కడుందో తెలియడానికి. సూది గుడ్డలో దిగిన ప్రతిసారీ నా మనసులో ఒక లారీ వెళ్ళింది.

సాయంత్రం సింధూర వచ్చింది. అదీ ఈ మధ్య అలవాటే. వచ్చి గుమ్మంలో నిలబడి నన్ను చూస్తుంది. పాదాలనించి తలదాకా, సంతలో ఏదో బేరం చేస్తున్నట్టు చూస్తుంది. చూసి, ఊపిరి వదిలి, చెయ్యి తువాలుకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోతుంది. కోపం కాకపోతే ఏమిటది? వయసొచ్చిన పిల్ల కన్నతల్లిని అలా చూస్తే ఇంక మిగిలిందేముంది? ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పిచ్చాసుపత్రి గేటు, దాని ముందు నేను, లోపల గోడకి ఎదురుగా సింధూర. ఒకసారి ఊహ మొదలైతే నాకు దానికి గేటు వేయడం రాదు.

మర్నాడు సింధూర కాలేజీకి వెళ్ళగానే తాళం వేసి పాల్మాకుల బస్సెక్కాను. మధ్య సీట్లో కూర్చున్నాను.

పూర్ణిమ వాళ్ళ ఇల్లు అడిగితే ఎవరైనా చెబుతారు. ద్రాక్షతోట పక్కన రాతి ప్రహరీ. వాకిట్లో ఒకావిడ నులకమంచం మీద మిరపకాయలు ఆరబోస్తోంది. పూర్ణిమ తల్లి భాగ్యమ్మ. నన్నెప్పుడూ చూడకపోయినా పొద్దున్నే నాకోసమే కూర్చున్నట్టు పలకరించింది.

"గట్ల గేటు కాడ నిలబడ్డవేంది అక్కా? లోపటికి రా. కుక్క ఏమనదు, గది ఒట్టిగ ఒర్రుతది."

"కరిచే కుక్కలూ ముందు అరుస్తాయండి," అన్నాను.

"మాది ముసల్ది. పండ్లు ఊడినయ్. కరిసినా చక్కిలిగిలి పెట్టినట్లుంటది."

కుక్కకి దూరంగా నడిచి వెళ్ళి మంచం కోడు దగ్గర నిలబడ్డాను. కూర్చోకుండానే చెప్పేశాను. "నేను సింధూర తల్లినండి, జ్ఞానప్రసూనాంబని. మీ అమ్మాయి మా పిల్లని మూగదాన్ని చేసింది."

భాగ్యమ్మ మిరపకాయ పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి నన్ను చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"మా పొల్లనా? అక్కా, గదానికి పుట్టినసంది నోరే నోరు. ఇంటర్ల ఉన్నప్పుడు ఊరి సర్పంచితోని కొట్లాడి బస్సు ఆపిచ్చింది. గసొంటిది ఇంకోల నోరు మూపిస్తదా? కూసో, సల్ల తాగు. ముచ్చట చేద్దాం."

మజ్జిగ తీసుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాను. గుమ్మం దాటేటప్పుడు మాట అనకపోవడం, సాయంత్రం వచ్చి చూసే చూపు, గోడ ముందు చేతులు ఊపడం. చెప్పి చెప్పి, ఎప్పటిలా అక్కడికే వచ్చాను. "మా ఆయన కూడా చెప్పకుండానే వెళ్ళారండి. అందుకే నా భయం."

భాగ్యమ్మ నవ్వు తగ్గించింది. "నీ బాధ నాకు సమజైంది అక్కా. గని జర విను. మా ఆయన సత్తయ్య ఇరవై ఏండ్లసంది ఎన్నడన్న చెప్పిపోయిండా? పొద్దుగాల కండ్లు తెరుస్తె మంచం ఖాళీ. తోటకాడికి పోయిండో, దోస్తుల కాడికి పోయిండో దేవునికెర్క. మాపటికి బువ్వ యాళ్లకు మాత్రం కరెక్టుగ దిగుతడు. ఒక్కపూట ఆగవయ్యా అన్నా ఆగడు."

"మీకు భయం వేయదా?"

"ఏం భయం? ఈ నడుమ ఈడ గాలిమోటర్ల అడ్డ పెడ్తరట, భూములు పోతయట అంటుండ్రు. గదొక్కటే నా పరేషాన్."

నాకు చప్పున ఇంకో భయం పుట్టింది. విమానాలు వస్తే అవి మా ఇంటి మీదనించేగా ఎగరాలి? ఏదైనా ఒకటి... ఆ ఊహని మజ్జిగతో మింగాను.

ఇంతలో పూర్ణిమ వచ్చింది. జీన్సు ప్యాంటు, జడ, భుజాన గుడ్డ సంచీ. నా కూతురికంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. నన్ను చూసి ఆగింది. చేతులు జోడించింది.

"అమ్మా, మీరే వచ్చిండ్రా. నేనే వద్దామనుకుంటున్న."

"ఎందుకు? మిగిలిన నాలుగు మాటలు కూడా మాన్పించడానికా?"

భాగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పూర్ణిమ నవ్వలేదు. నా ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి నా కోపం కాస్త తడబడింది.

"చూడమ్మా," అన్నాను, "నాకు చదువు లేదు. ఎనిమిదితో ఆపేశారు. నువ్వు నేర్పే విద్యేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు. గోడ ముందు నిలబెట్టడం ఎందుకు? లేని కర్రని ఊపించడం ఎందుకు?"

"గోడ ముందు ఆమె బంతిని చూస్తదమ్మా. కండ్లు మూసుకొని గుంట, పచ్చిక, బంతి పోయే దారి, అది గుంటల పడ్డ సప్పుడు, అన్నీ చూస్తది. మనసుల ఒకసారి నడిచిన దారి కాలికి కొత్తగుండదు. మీరు కొత్త రవిక కుట్టే ముందట గుడ్డ పరిచి, కత్తెర పెట్టకుండ ఊకె చూస్తరు గద? గట్లనే."

నేను అలా చూస్తానని దీనికెవరు చెప్పారు? సింధూరే చెప్పి ఉండాలి. అంటే ఇక్కడ మాట్లాడుతోందన్నమాట. నా గురించే మాట్లాడుతోంది.

"మరి ఊపిరి?" అన్నాను, ఇంకేం అడగాలో తెలియక. "పొద్దున్నే బుస కొట్టినట్టు..."

"దెబ్బకు ముందట లోపటికి మెల్లగ, బయటికి ఇంకా మెల్లగ. చెయ్యి వణకకుండ. తర్వాత బంతి మీద ఒక్క చుక్కనే చూడాలె. గెలిస్తె ఏమైతది, ఓడితె ఏమైతదని ఆ టైముల అనుకోవద్దు. దెబ్బ అయినంక తువాలుకు చేతులు తుడుసుకోవాలె. తుడుసుకున్నంక ఆ దెబ్బ సంగతి వదిలెయ్యాలె. ఇదే నేను నేర్పింది."

ఆ తువాళ్ళు నేను కుట్టినవే. సాయంత్రం నన్ను చూశాక చెయ్యి తుడుచుకునేది కూడా అలాంటి తువాలుకే. నాకు ఒళ్ళు మండింది.

"ఇందులో వెళ్ళొస్తా అనొద్దని ఎక్కడుంది? చెప్పు. అది అంటే మీ గోల్ఫు చెడుతుందా? పొద్దున్నే పిల్ల గడప దాటితే నేను ఎలా బతుకుతున్నానో నీకు తెలుసా?"

"నేను అనొద్దని చెప్పలేదమ్మా."

"మరి?"

పూర్ణిమ తల్లివైపు చూసింది. భాగ్యమ్మ లేచి, మిరపకాయల మీద కాకి వాలిందన్న వంకతో అవతలికి వెళ్ళింది. కాకి ఎక్కడా లేదు.

"గుంట దగ్గర, ఆ చిన్న దెబ్బ కొట్టే ముందట, సింధూర ఏమనుకుంటదో మీకు ఎర్కనా?"

"ఓడిపోతానని భయపడుతుంది. దానికి నేనేం చెయ్యను? దాని మంచి కోరే కదా..."

"ఓడిపోతనని కాదమ్మా. ఈ బంతి పడకపోతే ఇంటికాడ అమ్మకేమన్న అయితదని అనుకుంటది."

నాకు ముందు అర్థం కాలేదు. "నాకా?" అన్నాను. "నాకేమవుతుంది? నేను ఇంట్లో మిషను ముందు కూర్చుని ఉంటాను."

"గదే ఆమెకు చెప్పాలె. మాటలతోని చెప్తే మనసు నమ్మదు. సికిందరాబాదుల ఆఖరి గుంట కాడ గదే తలపు వచ్చింది. బంతి చిన్నది, దగ్గర ఉన్నది, తప్పితే అమ్మ ఉండదు. గసొంటి బరువు చేతి మీద పెడితే ఎవల చెయ్యి వణకది?"

ద్రాక్షతోటలో ఎవరో నీళ్ళ పంపు వేశారు.

"వెళ్ళొస్తా అనే మాట కూడా గట్లనే అయింది," పూర్ణిమ మెల్లగా అంది. "మీకు ఎర్క లేదేమో. ఒకసారి చెప్పి గేటు దాటినంక, సరిగ్గ చెప్పిన్నా లేదా అని వాపస్ వచ్చేది. బస్‌స్టాపు దాక పోయి కూడా వచ్చేది."

నాకు తెలుసు. నీళ్ళ సీసా మరిచిపోయాను, రుమాలు మరిచిపోయాను అంటూ వచ్చి మళ్ళీ "వెళ్ళొస్తా" అనేది. ఎంత భక్తిగా చెబుతోందో నా బంగారుతల్లి అని మురిసిపోయేదాన్ని.

"అందుకే సింధూరే నన్ను అడిగింది, 'అక్కా, చెప్పకుండ పోయి చూస్త' అని. చెప్పకుండ గడప దాటుతది. దినమంత కష్టం మీద ఆగుతది. మాపటికి వచ్చి, గుమ్మంల నిలబడి, మీరు బాగున్నరని కండ్లతోని చూసుకుంటది. చెప్పకున్నా ఏం కాలేదు. మల్ల రేపు. గదే ఆమె అసలు తాలీము. మైదానంల కన్నా మీ గుమ్మంల ఎక్కువ కష్టపడుతున్నది."

పాదాలనించి తలదాకా చూసే ఆ చూపు. కోపం అనుకున్నాను.

ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. "అంతా నా వల్లేనంటావు, అంతేగా?" అన్నాను. "నేను భయపడటం తప్పా? ఆయన చెప్పకుండా వెళ్ళిన మాట అబద్ధమా? వెళ్ళారు! చెప్పలేదు! రాలేదు! ఇందులో నేను కల్పించిందేముంది?"

పూర్ణిమ ఏదో అనబోయి ఆగింది.

"ఆ పొద్దుటి ముచ్చట ఒకటున్నదమ్మా," అంది చివరికి. "నాకు చెప్పింది. మీకు చెప్పలేక సచ్చిపోతున్నది. అది నేను చెప్పొద్దు. ఆమె నోటితోనే రావాలె. ఆ మాట దిగితే ఆ చెయ్యి తేలికైతదని నా నమ్మకం."

"ఏ ముచ్చట? ఆ పొద్దున ఏముంది?"

"అడగొద్దమ్మా. నన్నూ అడగొద్దు, ఆమెనూ అడగొద్దు. మీరు ఒక్క పని చేయాలె. ఆదివారం మైదానానికి రాండ్రి. ఆమె కంటికి ఆనేటట్లు నిలబడుండ్రి. జాగ్రత్త అనొద్దు, మెల్లగ అనొద్దు, దేవుని పేరు కూడా పైకి అనొద్దు. ఊకె ఉండుండ్రి."

సింధూర ఆట నేనెప్పుడూ చూడలేదు. తల్లి దిష్టి ముందు తగులుతుందని భయం. అది చెబితే పూర్ణిమ నవ్వుతుందేమోనని చెప్పలేదు. గేటు దాకా సాగనంపుతూ భాగ్యమ్మ నా కొంగులో ద్రాక్షగుత్తులు వేసి, "ఊకె ఉండుడు మస్తు కష్టమక్కా, నేనైతే చేయలేను," అంది. ఆ రోజు నాకు సాయపడిన మాట అదొక్కటే.

ఆదివారం పొద్దున సింధూర బూట్లు కట్టుకుంది. సంచీ తీసుకుంది. గుమ్మంలో ఆగింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, మైదానంలో పిడుగులు పడతాయి, ఇనుప కర్ర చేతిలో ఉంటే ముందు దాని మీదే పడుతుంది. ఇవన్నీ నా నాలుక చివర ఉన్నాయి. వంటింటి తలుపు చెక్కని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అది గడప దాటింది. దాని భుజం మీద సంచీ బెల్టు కింద చొక్కా అప్పటికే చెమటకి తడిసి ఉంది. ఇన్నాళ్ళూ అది నా కంట పడలేదు.

మైదానంలో తాడు కట్టి, తాడు ఇవతల చూసేవాళ్ళని నిలబెట్టారు. కార్లలో వచ్చినవాళ్ళు, టోపీలు పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళలో నేను ఎవరి తల్లినో ఎవరికీ తెలియదు. ఒకావిడ నన్ను చూసి, "టీ ఎక్కడిస్తున్నారు?" అని అడిగింది. తెలియదన్నాను. అంతమందిలోనూ నేను ఇంట్లో ఉన్నంత ఒంటరిగానే ఉన్నాను. దూరాన పచ్చికలో నేను కుట్టిన ఎర్రజెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. అవి మాత్రం తెలిసినవాళ్ళలా కనిపించాయి.

ఎంతమంది ఆడారో, ఎవరు ఎన్ని కొట్టారో నాకు లెక్క తెలియలేదు. తాడు పట్టుకుని సింధూర వెంట నడిచాను. పాముపుట్ట ఉంటుందేమోనని గడ్డి చూసుకుంటూ, వచ్చే బంతి ఎవరి తలకి తగులుతుందోనని పైకి చూసుకుంటూ. మా పిల్ల దూరం దెబ్బలు కొడితే చూసేవాళ్ళు "వాహ్" అన్నారు. దగ్గరి దెబ్బల దగ్గర పూర్ణిమ చెప్పినట్టే చేసింది. ఊపిరి లోపలికి, ఇంకా మెల్లగా బయటికి, బంతి మీద చూపు. కొన్ని పడ్డాయి. ఒకటి తప్పింది. తప్పగానే తువాలుకి చెయ్యి తుడుచుకుని ముందుకు నడిచింది. అంచు మడతలో నేను వేసిన కుట్టు మీద దాని వేళ్ళు.

చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న పెద్దాయన ఎవరితోనో అంటున్నాడు: జట్టులో మిగిలింది ఒక్క చోటట, దానికి మా అమ్మాయీ, బంజారాహిల్స్‌నించి వచ్చిన ఇంకో అమ్మాయీ పోటీయట, మా పిల్ల ఈ బంతి వేసేస్తే చోటు తనదేనట.

బంతి గుంటకి దగ్గరలోనే ఉంది. ఆ దగ్గర నాకు తెలుసు. సికిందరాబాదులోనూ అంతే దగ్గరట.

సింధూర నిలబడింది. ఊపిరి తీసింది. నేనూ తీశాను. దాని మోచేతుల్లో ఏదో కదిలింది. ఇక్కడినించే కనిపించింది నాకు. జాగ్రత్త అన్న మాట నా గొంతులో పైకి వచ్చింది. పళ్ళ మధ్య కొంగు పెట్టుకుని కొరికాను.

బంతి గుంట అంచుకి తగిలి, ఒక చుట్టు తిరిగి, పక్కకి పోయింది.

అందరూ "అయ్యో" అన్నారు. సింధూర గుంటవైపు చూడలేదు. తల పైకెత్తి తాడు వెంట మనుషుల్ని వెతికింది. ఒక్కో ముఖం, ఒక్కో ముఖం దాటుకుంటూ, ఊపిరాడని మనిషిలా. నేను కొంగు వదిలేసి తాడు ముందుకి వచ్చాను. చెయ్యి ఎత్తలేదు, పిలవలేదు. నిలబడ్డాను. దాని కళ్ళు నా దగ్గర ఆగాయి. పాదాలనించి తలదాకా చూసింది.

బంతి తప్పింది, నేనున్నాను.

మిగిలిన చిన్న దెబ్బ అది వణకకుండా కొట్టింది. ఇద్దరూ సమానమయ్యారు. మొదటి గుంటనించి మళ్ళీ ఆడిస్తారట. ముందు ఎవరు తప్పితే వాళ్ళు ఓడినట్టట. సంచీ భుజానికెత్తుకుని సింధూర తాడు పక్కనించే నడిచి వస్తోంది. దాని వెనక కొంత దూరంలో పూర్ణిమ నాకేసే చూస్తోంది.

సింధూర నా దగ్గరికి వచ్చి ఆగింది. చెమట దాని చెంప మీదనించి కారుతోంది. తుడవాలనిపించింది. లారీలూ, పిడుగులూ, పాములూ, విమానాలూ అన్నీ ఒక్కసారి నా నోట్లోకి వచ్చాయి. అన్నిటినీ పక్కకి నెట్టి ఒక్కటి పట్టుకున్నాను.

"నేను బాగున్నానే," అన్నాను.

అటువైపు ఎవరో దాని పేరు పిలిచారు. వెళ్ళలేదు. తువాలు చేతిలో పట్టుకుని, కుట్టు మీద బొటనవేలు రాస్తూ నిలబడింది. మా ఇద్దరి మధ్యా తాడు. గాలికి దూరాన ఎర్రజెండా టపటపా కొట్టుకుంటోంది. పేరు మళ్ళీ పిలిచారు. ఇన్నాళ్ళుగా గుమ్మంలో ఎదురు చూసిన దానికంటే ఆ కాసేపు నాకు పొడుగ్గా ఉంది. నేను మాత్రం నోరు విప్పలేదు.

అప్పుడు దాని పెదవులు కదిలాయి.

"ఆ పొద్దున నాన్న చెప్పే వెళ్ళారమ్మా. వెళ్ళొస్తానని నీకు చెప్పమన్నారు. నేనే నీకు చెప్పలేదు."